ఆయాసం లేని రోజు కూడా ఇన్‌హేలర్ పీల్చాలా?

ఎర్రమట్టిదారి
గుంటూరు, వయసు 41. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, కాలేజీ రోజుల్లో జాడ లేదు, ఉద్యోగంలో చేరాక మళ్ళీ పట్టుకుంది. ఆఫీసు మిర్చి యార్డుకి దగ్గర్లో, సీజన్లో ఆ రోడ్డు మీద తిరిగినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. జేబులో ఆస్తలిన్ పంపు పెట్టుకుంటా, ఛాతీ బిగిసినప్పుడు రెండు పఫ్‌లు కొట్టుకుంటే ఐదు నిమిషాల్లో మామూలైపోతా, ఇన్నేళ్ళూ ఇలాగే నడిచింది. ఇప్పుడు కొత్తగా చూపించుకున్న ఛాతీ డాక్టరు ఫోరాకార్ట్ 200 అని ఇంకో పంపు రాసి పొద్దున రెండు రాత్రి రెండు, ఆయాసం ఉన్నా లేకపోయినా మానొద్దు అన్నాడు. ఎన్నాళ్ళు అంటే "చూద్దాం" అంటాడు. అందులో స్టెరాయిడ్ ఉందని మా ఆవిడ నెట్‌లో చూసి దడుచుకుంది, మా అమ్మయితే పంపు అలవాటైతే చచ్చేదాకా వదలదు అని ఒకటే పోరు. నా బాధల్లా ఒంట్లో బానే ఉన్న రోజు మందు దేనికి అని. ఆస్తలిన్ నెలన్నరకి ఒకటి అవుద్ది, ఖర్చూ తక్కువ. ఈ రోజువారీది మానేసి బానే ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మందులచీటీ
ఆస్తలిన్ డబ్బాలో 200 పఫ్‌లుంటాయండి. నెలన్నరకి ఒకటంటే రోజుకి నాలుగు పైనే పడుతున్నాయి. మీరు "బానే ఉన్నా" అంటున్నది ఆ నాలుగూ కొట్టుకున్నాక సంగతి.

మజ్జిగపులుసు
పాపం ఆయన మానేయమనే మాట కోసం వస్తే మీరు లెక్కలు తీశారు 😂

ఎర్రమట్టిదారి
రోజూ నాలుగేం కాదు. సీజన్లో ఎక్కువ, మిగతా రోజుల్లో ఒకటో రెండో. ఆఫీసు సొరుగులో ఒకటి, ఇంట్లో ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఉంటాయి, ఏది ఎప్పుడు అయిపోయిందో ఎవడు చూశాడు.

పిల్లికూతలు
రాజమండ్రి, టీచర్ని. నేను ఏళ్ళ తరబడి రోజూ పీలుస్తున్నా కాబట్టి నాకు అర్థమైనంత చెప్తా. ఆయాసం లేని రోజు కూడా ఊపిరి గొట్టాల లోపలి పొర వాచే ఉంటుందట, మనకి తెలీదు అంతే. ఆస్తలిన్ ఏం చేస్తుందంటే ఆ గొట్టం చుట్టూ బిగుసుకున్న కండని వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు, నాలుగైదు గంటలకి దాని పని ఐపోతుంది. వాపు తగ్గించేది రెండోదాంట్లో ఉన్న స్టెరాయిడ్, కాకపోతే అది నిదానం, నాకు వారం పది రోజులదాకా ఏ తేడా తెలీలేదు, డబ్బులు దండగ అనుకున్నా కూడా. తర్వాత ఒక రోజు గమనిస్తే రాత్రి రెండింటికి లేచి కూర్చోడం ఆగిపోయింది. మీరు రాత్రిళ్ళు లేస్తున్నారా లేదా అది చెప్పలేదు చూడండి.

కష్టాలు కూడా చెప్పాలి. మొదట్లో నా గొంతు బొంగురుపోయింది, ఎటెండెన్స్ పిలుస్తుంటే వెనక బెంచీ పిల్లలు అదే గొంతుతో "ప్రెజెంట్ మేడమ్" అనేవాళ్ళు. నాలుక మీద తెల్లటి పూత కూడా వచ్చింది. పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలని నాకు రాసిచ్చినాయన చెప్పలేదు, షాపులోనూ చెప్పలేదు. ఇప్పుడు స్పేసర్ (పంపుకి తగిలించే ఖాళీ గొట్టం) పెట్టుకుని, పళ్ళు తోముకునే ముందు పీలుస్తా. మళ్ళీ పూత రాలేదు.

జగిత్యాలోడు
గీ స్టెరాయిడ్ భయం సూస్తే నాకు నవ్వొస్తది, కోపమొస్తది. మా నాయిన రైసు మిల్లుల పన్జేసేటోడు, ఊక దుమ్ము. దమ్ము లేస్తే ఆర్ఎంపీ దగ్గరికి ఉర్కుడు, డెరిఫిలిన్, డెక్సా కలిపి సూది ఏపించుకునుడు, అరగంటల లేశి మళ్ళ మిల్లుకు వోవుడు. ఇంట్ల తెల్లగోళీలు డబ్బ పెట్టుకుని బుద్ధి పుట్టినప్పుడల్ల మింగేది, గవ్వి కూడా స్టెరాయిడే అని మాకెర్కలేదు. ఏండ్లకేండ్లు గట్లనే. మొకం ఉబ్బింది, షుగర్ వచ్చింది, బాత్రూంల జారితే తుంటి ఇరిగింది. గవ్విటికి ఎవ్వలు భయపడలే, పెద్ద డాక్టర్ పీల్చే మందు రాస్తె మాత్రం మా మేనత్త "ఒద్దు బిడ్డా అది చివరి మందు" అని పారేయించింది. సూది మొదటి మందు, పంపు చివరి మందు అట.

మందులచీటీ
@జగిత్యాలోడు ఇది మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాట. బెజవాడలో షాపు మాది. అంకెల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఫోరాకార్ట్ 200 లో ఒక పఫ్‌కి స్టెరాయిడ్ (బుడెసొనైడ్) 200 మైక్రోగ్రాములు. ఎర్రమట్టిగారి డోసు రోజుకి నాలుగు పఫ్‌లు, అంటే 800. ఎటాక్ వచ్చినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేరే మందులు, బలం వేరు, గ్రాముకి గ్రాము సరిచూడకూడదు, ఒప్పుకుంటా. కానీ ఒకటి మింగితే రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుద్ది, ఇంకోటి చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పని చేసుకుంటుంది. జిమ్ము కుర్రాళ్ళు వాడేది అసలు వేరే జాతి స్టెరాయిడ్, మీ ఆవిడ నెట్‌లో చూసింది అదేనేమో.

మూలికామార్గం
అందరూ కలిసి ఆయన్ని పంపుకి కట్టేసేలా ఉన్నారు. మా మేనమామ మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్ళి చేప మందు మింగొచ్చాడు, వరసగా మూడేళ్ళు వెళ్ళాలి, తర్వాత పథ్యం. ఇప్పుడు శుభ్రంగా పొలం పనులు చేసుకుంటున్నాడు. దానితో పాటు ప్రాణాయామం. రోజూ మందు వాడితేనే బతుకు అంటే అది వైద్యమా వ్యాపారమా?

మజ్జిగపులుసు
నేనూ వెళ్ళా చిన్నప్పుడు, మా నాన్న ఎత్తుకెళ్ళాడు. బతికున్న కొర్రమీను పిల్ల గొంతులో కదుల్తూ దిగడం ఇప్పటికీ గుర్తే. ఉబ్బసం తగ్గలేదు గానీ చేపల కూర మీద మోజు పోయింది.

తెల్లకోటు
కర్నూల్లో జనరల్ ఫిజీషియన్ని, ఊపిరితిత్తుల స్పెషలిస్టుని కాదు, ఇక్కడ రాసేది ఎవరికీ ప్రిస్క్రిప్షన్ కాదు. చేప మందు పనిచేస్తుందని సరైన పరీక్షల్లో ఎక్కడా రుజువు కాలేదు. ఉబ్బసం తనంతట తాను కొన్నేళ్ళు నిద్రపోయి మళ్ళీ లేచే జబ్బు, ఎర్రమట్టిగారికే కాలేజీలో పోయింది చూడండి, ఆ ఏడాది ఏది తిన్నా పేరు దానికే పోయేది. ప్రాణాయామం చేసుకోండి, మంచిదే, ఇన్‌హేలర్ బదులుగా మాత్రం కాదు.

అసలు ప్రశ్నకి వస్తే, 2019 నుంచి గినా (ఉబ్బసం మీద ప్రపంచ నిపుణుల సంస్థ) మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి ఒక్క ఆస్తలిన్ లాంటిది మాత్రమే ఇచ్చి వదిలెయ్యొద్దని స్పష్టంగా ఉంది. అంతకు ముందు యాభై ఏళ్ళు మేమే అలా ఇచ్చాం, కాబట్టి జనం అలవాటు పడ్డారంటే తప్పు వాళ్ళది కాదు. ఏడాదికి మూడు డబ్బాలు దాటితే ఎటాక్‌ల ప్రమాదం పెరుగుతుంది, పన్నెండు దాటితే ప్రాణం మీదకి వచ్చే ప్రమాదం. నెలన్నరకి ఒకటంటే ఏడాదికి ఎనిమిది.

ఎర్రమట్టిదారి
భయపెట్టడానికి చెప్తున్నారా నిజంగానా?

లీడ్స్‌బుజ్జి
నిజమే. నేను ఇక్కడ యూకేలో నర్సుని. 2014లో ఇక్కడ ఉబ్బసం చావుల మీద ఒక పెద్ద రిపోర్టు వచ్చింది, 195 మంది కేసులు ఒక్కొక్కటీ తిరగేశారు. రిలీవర్, అంటే ఆస్తలిన్ లాంటిది, వాడుతున్నవాళ్ళలో 39 శాతం మందికి చనిపోయే ముందు ఏడాదిలో పన్నెండుకి మించి రిలీవర్లు రాసిచ్చారు. అన్నేసి తీసుకెళ్తుంటే ఎవరూ పిలిచి అడగలేదు. ఇంకా బాధేంటంటే వాళ్ళలో చాలామంది "తీవ్రమైన ఉబ్బసం" అని ముద్ర పడ్డవాళ్ళు కాదు. 2024 నవంబరులో ఇక్కడ రూల్సు మారాయి, కొత్తగా ఉబ్బసం అని తేలిన పెద్దవాళ్ళకి ఉత్త రిలీవర్ మాత్రమే రాయడం లేదు.

మూలికామార్గం
యూకే లెక్కలు మనకెందుకండీ, వాళ్ళ చలి వేరు మన వాతావరణం వేరు.

లీడ్స్‌బుజ్జి
మన లెక్క ఇంకా ఘోరం. ప్రపంచం మొత్తం ఉబ్బసం రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం, చావుల్లో మాత్రం 40 శాతం పైన. వాతావరణం అంటారా, వయ్యారిభామ పుప్పొడి, దీపావళి పొగ, సాంబ్రాణి, దోమల కాయిల్, అన్నీ మన దగ్గరే ఉన్నాయి.

జగిత్యాలోడు
వయ్యారిభామ పేరు వెట్టినోనికి దండం. అది పూసిందంటే మా ఊరంత తుమ్ములే.

డల్లాస్‌గోంగూర
ఇక్కడ ఇంకో రకం గోల. నేను రోజూ వాడే స్టెరాయిడ్ పంపు ఫ్లోవెంట్ 2024 జనవరిలో కంపెనీ ఆపేసింది, అదే మందు వేరే లేబుల్‌తో వచ్చింది గానీ నా ఇన్సూరెన్స్ దానికి ఒప్పుకోలేదు, ఆ మధ్యలో రెండు వారాలు ఇండియా నుంచి మా అక్క పంపిన బుడెకార్ట్‌తో గడిపా. తర్వాత కొన్ని పెద్ద కంపెనీలు నెలకి మన జేబులోంచి 35 డాలర్లు మించకుండా చేశాయి, ఇప్పుడు కాస్త నయం. మీరు అక్కడ షాపుకెళ్ళి చెయ్యి చాపితే దొరికేదాన్ని వద్దంటుంటే నాకు కడుపు మండుతోంది.

మజ్జిగపులుసు
అమెరికా నుంచి ఇండియాకి చాక్లెట్లు, ఇండియా నుంచి అమెరికాకి ఇన్‌హేలర్లు.

ఎర్రమట్టిదారి
@డల్లాస్‌గోంగూర దొరకడం దొరుకుద్ది, కొనాలి కదా మేడమ్. ఇది ఆస్తలిన్ కంటే రెండు మూడు రెట్లు రేటు, పైగా దాన్లో 120 పఫ్‌లే. నాలుగు చొప్పున నెలకి ఒకటి.

మందులచీటీ
జన ఔషధిలో అదే బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ తక్కువకి వస్తుంది, స్టాక్ ఉందో లేదో ఫోన్ చేసుకుని వెళ్ళండి. నా షాపు బేరం పోయినా పర్లేదు. ఒక రాత్రి ఎమర్జెన్సీలో పడుకుంటే ఎంత బిల్లవుద్దో కూడా అడగండి ఎవరినైనా.

సీతాఫలం
మధ్యలో దూరుతున్నా, నాకు ఐదో నెల. సెరోఫ్లో అని రోజువారీ పంపు వాడుతున్నా. అత్తయ్యగారు బిడ్డకి దెబ్బ తగులుతుంది ఆపమంటున్నారు, నేను వారం నుంచి రోజు విడిచి రోజు పీలుస్తున్నా. నిన్న మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చాయి. కూతలొచ్చినప్పుడు ఈ సెరోఫ్లోనే ఇంకో రెండు కొట్టుకోవచ్చా?

తెల్లకోటు
@సీతాఫలం అమ్మా, రెండు సంగతులు. ఒకటి, సొంతంగా తగ్గించొద్దు, రేపే మీ గైనకాలజిస్టుకి చెప్పండి. కడుపుతో ఉన్నప్పుడు ఈ పీల్చే స్టెరాయిడ్లు కొనసాగించమనే చెప్తాం, బుడెసొనైడ్ మీద అయితే ఏళ్ళ తరబడి అనుభవం ఉంది. ఉబ్బసం అదుపు తప్పితేనే బిడ్డకి ఆక్సిజన్ తగ్గడం, బరువు తక్కువగా పుట్టడం, నెలలు నిండకుండా కాన్పు లాంటివి. రెండు, సెరోఫ్లో అప్పటికప్పుడు కొట్టుకునేది కాదు. దాన్లో సాల్మెటెరాల్ నిదానంగా ఎక్కుతుంది, రోజుకి రెండు సార్లు చెప్పిన డోసే. కూతలొస్తే విడిగా రిలీవర్ ఉండాలి, మీ దగ్గర ఉందా?

సీతాఫలం
ఆస్తలిన్ ఉంది సార్. అత్తయ్యగారికి మీ పోస్టు చదివి వినిపిస్తా.

పిల్లికూతలు
అత్తగారికి నా తరఫున కూడా చెప్పమ్మా, నా ఇద్దరు పిల్లలూ ఇన్‌హేలర్ పీలుస్తూ కన్నవాళ్ళే, ఒకడు ఆరడుగులు.

ఎర్రమట్టిదారి
డాక్టర్ గారూ, సెరోఫ్లో అలా కొట్టుకోకూడదంటే నా ఫోరాకార్ట్ కూడా అంతేనా? మా డాక్టరు ఏదో "ఇదే అవసరానికి కూడా" అన్నట్టు గుర్తు, హడావిడిలో సరిగ్గా వినలేదు.

తెల్లకోటు
ఫోరాకార్ట్‌లో ఉన్నది ఫార్మోటెరాల్, అది నిమిషాల్లోనే పట్టుకుంటుంది, అందుకే రోజువారీకీ అవసరానికీ ఒకటే వాడే పద్ధతి దీనితో కుదురుతుంది. బిగిసినప్పుడల్లా దాంతో పాటు వాపు మందు కూడా కాస్త లోపలికి పోతుంది, అదీ దీని లాభం. తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్ళకి రోజూ కాకుండా అవసరమైనప్పుడు మాత్రమే ఇది పీల్చమనే పద్ధతి కూడా వచ్చింది, 2018లో దాని మీద పెద్ద ట్రయల్స్ అయ్యాయి. కాబట్టి మీ ప్రశ్న తప్పు ప్రశ్నేం కాదు, రోజూ అక్కర్లేని వాళ్ళూ ఉంటారు. సీజన్లో రోజుకి నాలుగు పఫ్‌ల పైనే కొట్టుకునే మీరు ఆ కోవలోకి వస్తారని నాకు అనిపించట్లేదు. 6 మైక్రోగ్రాముల ఫార్మోటెరాల్ ఉన్న రకంలో రోజు మొత్తం మీద 12 పఫ్‌లు గరిష్ఠం, అంతదాకా వెళ్ళాల్సి వస్తే అది ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు. మీకు ఏ పద్ధతో ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి, అడిగితే ఎవరూ కాదనరు.

మజ్జిగపులుసు
అడిగితే కాదనరు, కానీ అడగాలంటే ముందు టోకెన్ నంబర్ 87 పిలవాలి.

డల్లాస్‌గోంగూర
ఇక్కడ ఆల్బుటెరాల్ (ఆస్తలిన్‌లో ఉండే మందే), బుడెసొనైడ్ కలిపి ఎయిర్‌సుప్రా అని 2023లో ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల అనుమతి సంస్థ) ఒప్పుకుంది, అచ్చంగా అవసరానికి మాత్రమే. అదీ ఈ ఆలోచనే.

జగిత్యాలోడు
పీల్చుడు సంగతి ఎవ్వలు చెప్పరేంది? మా బామ్మర్దికి రోటాక్యాప్స్ రాసిండ్రు, ప్లాస్టిక్ దాంట్ల ఏసి పొడి పీల్చేటియి. నెల దినాలు పొద్దుకొకటి నీళ్ళతోని మింగిండు. ఏం పన్జేస్తలేదు అని డాక్టర్‌ను తిట్టుకుంట నాకు సూపిచ్చిండు. మరి ఆ ప్లాస్టిక్‌ది ఏం జేసినవ్ రా అంటే అది ఫ్రీ గిఫ్ట్ అనుకున్నడట, పొల్లగాడు ఆడుకుంటుండు.

మజ్జిగపులుసు
ఫ్రీ గిఫ్ట్ 💀

మందులచీటీ
నవ్వుకోండి గానీ ఇది అరుదేం కాదు. ఆ కాప్స్యూల్ మింగేది కాదని చెప్పాల్సింది మేమే, రష్‌లో చాలా షాపుల్లో చెప్పరు.

తెల్లకోటు
ఫెయిలైన కేసుల్లో సగం ఇక్కడే దొరుకుతాయి. స్ప్రే రకానికి నెమ్మదిగా, లోతుగా పీల్చాలి, నొక్కడం పీల్చడం ఒకేసారి మొదలవ్వాలి, అది కుదరనివాళ్ళకే స్పేసర్. పొడి రకానికి అచ్చం ఉల్టా, గట్టిగా, వేగంగా లాగాలి, లేకపోతే పొడి పైకి రాదు. దాన్లోకి ఊదకూడదు, ఊపిరి తడికి పొడి ముద్దవుతుంది. ఏదైనా సరే పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. ఓపీలో నేను "చేసి చూపించు" అంటే స్ప్రేని నాలుక మీద కొట్టుకుని మింగేవాళ్ళే ఎక్కువ.

ఎర్రమట్టిదారి
స్పేసర్ నాకిచ్చారు, పెద్ద సీసాలా ఉంది, ఆఫీసులో తీస్తే జనం చూస్తారని తీయట్లా.

పిల్లికూతలు
పొద్దున, రాత్రి మోతాదులు ఇంట్లోనే కదా, ఆఫీసుకెందుకు తీసుకెళ్ళడం?

ఎర్రమట్టిదారి
అది పాయింటే.

మూలికామార్గం
సరే వాడండి. నేను అడిగేది ఒక్కటే, ఎప్పటికైనా ఆపుతారా లేదా? బీపీ మాత్రలా జీవితాంతమైతే అది నయం చేయడం ఎలా అవుతుంది?

తెల్లకోటు
నయం చేస్తుందని మేమూ అనట్లేదు, అదుపులో పెడుతుంది. మంచి అదుపు ఒక మూడు నెలలు నిలిస్తే డోసు పావో సగమో తగ్గించి మళ్ళీ చూస్తాం. అలా తక్కువ డోసుకి దిగిపోయినవాళ్ళు నా దగ్గరే చాలామంది ఉన్నారు. మొత్తంగా స్టెరాయిడ్ తీసేస్తే మాత్రం ఎటాక్‌లు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది, అందుకే అది చెయ్యం. ఎర్రమట్టిగారి డాక్టరు "చూద్దాం" అన్నది తప్పించుకోడానికి కాకపోవచ్చు.

పిల్లికూతలు
నాది అలాగే తగ్గింది, మొదట 400 రకం, ఇప్పుడు 100. చలికాలం, పెళ్ళిళ్ళ సీజన్ పెంచుకుంటాం, డాక్టరమ్మ చెప్పిన ప్రకారమే. మరీ పెద్ద డోసు ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు, కంట్లో శుక్లం చూసుకోవాలని ఆవిడే చెప్పింది, కాబట్టి అస్సలు ఏం కాదు అని నేను అనను.

మందులచీటీ
ఇంకో రెండు విషయాలు, ఎవరూ అడగరు గానీ నేను చూస్తున్నవి. తామరకి ఈమధ్య అందరూ ఇట్రాకొనజోల్ వారాలకి వారాలు మింగుతున్నారు. బుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ (సెరోఫ్లోలో ఉండే స్టెరాయిడ్) పీల్చేవాళ్ళు అది వేసుకుంటే శరీరంలో స్టెరాయిడ్ కరగక పేరుకుపోతుంది, చర్మం డాక్టరుకి ఇన్‌హేలర్ సంగతి చెప్పి తీరాలి. రెండోది గ్లాకోమాకి వేసే టిమొలాల్ చుక్కలు. కంట్లో చుక్కే కదా అనుకుంటారు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి దాంతోనే ఊపిరి బిగుసుకుపోవచ్చు. నొప్పి మాత్రలు పడనివాళ్ళు కూడా కొందరుంటారు, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి.

జగిత్యాలోడు
మా అమ్మకు కంటి చుక్కలున్నయ్, ఆమెకు సుత దమ్మున్నది. సీసా మీద పేరు సూశి చెప్త.

జగిత్యాలోడు
టిమొలాలే ఉన్నది అన్నా. పొద్దుగాల కంటి దవాఖానకు తీస్కపోత.

మందులచీటీ
తీసుకెళ్ళండి, మీరే ఆపెయ్యొద్దు, కంటి ప్రెషర్ పెరుగుద్ది. వేరే రకం చుక్కలున్నాయి, వాళ్ళు మార్చి ఇస్తారు.

ఎర్రమట్టిదారి
సరే. నేను ఇంకా జీవితాంతం అన్న మాటకి ఒప్పుకోలేదు, అది పక్కన పెడతా. మూడు నెలలు చెప్పినట్టు పీల్చి, మిర్చి సీజన్ కూడా దాటించి, అప్పుడు తగ్గించమని అడుగుతా. ఊపిరి ఊది చూసే టెస్టు కూడా ఈసారి చేయించుకుంటా, అది ఇంతవరకు ఎవరూ రాయలేదు. రాత్రిళ్ళు లేస్తున్నానా అని మేడమ్ అడిగారు, లేస్తున్నా. నీళ్ళు తాగడానికి అనుకునేవాణ్ణి.

మూలికామార్గం
మూడు నెలల తర్వాత ఇక్కడే రాయండి, తగ్గినా తగ్గకపోయినా. నేను చూస్తుంటా.

ఎర్రమట్టిదారి
రాస్తా. ఇంకోటి, బండి డిక్కీలో పెట్టే ఇన్‌హేలర్ ఎండకి పాడవుద్దా?

మందులచీటీ
30 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే ఉంటుంది. గుంటూరు రోహిణి కార్తెలో డిక్కీ అంటే మీరే ఊహించుకోండి, లోపల గ్యాస్ ఒత్తిడితో ఉండేది అది. తీసేయండి. నీళ్ళలో వేసి తేలిందా మునిగిందా అని చూసి ఎంత మిగిలిందో చెప్పే పద్ధతీ నమ్మొద్దు, వెనక అంకె ఉన్న మోడల్ కొనండి, లేదా మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాసుకోండి.

మజ్జిగపులుసు
డిక్కీలోది తీస్తే హెల్మెట్‌కి చోటు దొరుకుద్ది, అదీ పెట్టుకో అన్నా.